గ్రూప్ రైడ్‌లో వెనకబడేది ఎక్కడ, ఎందుకు

గ్రూప్‌తో సైకిల్ తొక్కడం కొత్తగా మొదలుపెట్టిన చాలామందిది ఒకటే బాధ. ఒంటరిగా గంటకు 30 కిలోమీటర్లు తొక్కగలిగినా, సగటున అదే వేగంతో వెళ్లే గ్రూప్‌లో నిలవలేకపోతారు. నిజానికి ఇది తారుమారుగా ఉండాలి. ముందున్నవాళ్లు గాలిని చీలుస్తుంటే వెనకున్నవాళ్లకు తేలికవ్వాలి. అవుతుంది కూడా. అయినా అరగంటకో, గంటకో ముందు చక్రానికీ తమ చక్రానికీ మధ్య ఖాళీ పెరుగుతుంది, కళ్లముందే గ్రూప్ చిన్నదైపోతుంది.

దీన్ని ‘సత్తువ చాలలేదు’ అని ఒక్క మాటలో తేల్చేయడం సరికాదు. రెండు గంటల రైడ్‌లో గ్రూప్ నుంచి జారిపోయే ఘట్టం పదిహేను, ఇరవై సెకన్లే ఉంటుంది. మలుపు దాటిన వెంటనే, మిట్ట తల మీద, అందరికంటే ముందుండి గాలిని చీల్చే వంతు ముగించుకుని వెనక్కి వచ్చేటప్పుడు, నీళ్ల సీసా కోసం చెయ్యి కిందికి పోయినప్పుడు అది వస్తుంది. ఆ సెకన్లు ఎక్కడ పొంచి ఉంటాయో తెలిసినవాళ్లు ఇప్పుడున్న కాళ్లతోనే ఇంకా చాలా దూరం గ్రూప్‌లో ఉండగలరు. సత్తువ పెంచుకోవడం కూడా కావాలి, కానీ దానికి వారాలు పడుతుంది. ఇది వచ్చే రైడ్‌కే పనికొస్తుంది.

గాలి లెక్క

మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు అనుకుందాం. రోడ్ బైక్, చేతులు హుడ్స్ (బ్రేక్ లీవర్ల పైనున్న రబ్బరు పిడులు) మీద, చదును రోడ్డు, ఎదురుగాలి లేదు. గంటకు 30 కిలోమీటర్లు తొక్కడానికి సుమారు 150 వాట్లు కావాలి. 33కి 190 వాట్లు, 35కి 220 వాట్లు. అంటే వేగం ఆరో వంతు పెరిగితే శ్రమ దాదాపు సగం పెరిగింది. గాలిని తోయడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరగడమే దీనికి కారణం. ఈ వేగాల్లో కాళ్లు పెట్టే పనిలో ముప్పాతిక భాగం, ఇంకా ఎక్కువే, గాలికే పోతుంది.

ఇప్పుడు అదే మనిషిని మరొకరి వెనక పెడదాం. ముందు చక్రం వెనక అర మీటరు నుంచి మీటరు దూరంలో ఉంటే గాలి భారం మోటుగా 30 శాతం తగ్గుతుంది. అప్పుడు 35 కిలోమీటర్ల వేగానికి 165, 170 వాట్లు చాలు. ఒంటరిగా 31, 32తో తొక్కితే పడే శ్రమ అంతే. పెద్ద గుంపులో లాభం ఇంకా ఎక్కువ. ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన బెర్ట్ బ్లాకెన్ బృందం 2018లో 121 మంది రైడర్ల పెలోటాన్‌ను (పోటీల్లో కలిసి సాగే పెద్ద గుంపును) కంప్యూటర్ లెక్కలతో, విండ్ టన్నెల్‌లో (గాలి వదిలి పరీక్షించే సొరంగంలో) పరిశీలించింది. గుంపు వెనక భాగంలో నడిమధ్య ఉన్నవాళ్ల మీద గాలి భారం, ఒంటరి రైడర్‌తో పోలిస్తే, 5 నుంచి 10 శాతమేనని తేలింది. పది పన్నెండు మంది వెళ్లే మామూలు రైడ్‌లో అంత దొరకదు. దొరికే 30 శాతమే గ్రూప్‌లో ఉండటానికీ బయటపడటానికీ మధ్య గీత.

ఇంకో సంగతి. గ్రూప్ ప్రకటించే ‘సగటు 30’లో సిగ్నళ్లు, మలుపులు, మిట్టలు, మెల్లగా సాగిన మొదటి పది నిమిషాలు అన్నీ కలిసి ఉంటాయి. సగటు 30 రావాలంటే చదును రోడ్డు మీద గ్రూప్ 33 నుంచి 36 మధ్య నడుస్తుంది. ఒంటరిగా 30 తొక్కగలిగిన మనిషికి ఆ వేగం ఇంకొకరి చక్రం వెనక మాత్రమే సాధ్యం. చక్రం పోయిందా, అంతే.

గ్యాప్ ఖరీదు

గ్రూప్ 35తో వెళ్తోంది, ఇరవై మీటర్ల ఖాళీ పడింది. దాన్ని పూడ్చాలంటే 38తో తొక్కాలి. గంటకు మూడు కిలోమీటర్ల తేడాతో ఇరవై మీటర్లు కలపడానికి 24 సెకన్లు పడుతుంది. ఆ 24 సెకన్లూ గాలిలో ఒంటరిగా, 275 వాట్లతో తొక్కాలి. చక్రం వెనక ఉన్నప్పుడు సరిపోయింది 170 మాత్రమే. ఖాళీ యాభై మీటర్లయితే అదే శ్రమ నిండు నిమిషం. మూడు మీటర్ల దగ్గరే గమనించి ఉంటే ఏడెనిమిది సెకన్లు కాస్త గట్టిగా తొక్కితే సరిపోయేది.

ఇక్కడ ఎఫ్‌టీపీ సంగతి వస్తుంది. ఎఫ్‌టీపీ అంటే దాదాపు గంటసేపు నిలకడగా తొక్కగలిగిన గరిష్ఠ పవర్. దానికి కింద తొక్కినంతసేపూ ఒళ్లు సర్దుకుపోతుంది. పైకి వెళ్లిన ప్రతి సెకనుకూ ఒంట్లోని పరిమితమైన నిల్వ తరుగుతుంది. చాలామందిలో ఆ నిల్వ 15 నుంచి 25 కిలోజౌళ్ల మధ్య ఉంటుంది. 200 వాట్ల ఎఫ్‌టీపీ ఉన్న మనిషి 275 వాట్లతో 24 సెకన్లు తొక్కితే 1.8 కిలోజౌళ్లు పోతాయి. ఒక్కసారికి ఇదేమంత కాదు. కానీ ఒక రైడ్‌లో ఇలాంటివి పదిహేను ఇరవై వస్తాయి. మధ్యలో నెమ్మదిస్తే నిల్వ మళ్లీ నిండుతుంది, కానీ నిండే వేగం చాలా తక్కువ. గ్రూప్ చివర్లో ఉన్నవాళ్లకు ఆ నెమ్మదించే వ్యవధే దొరకదు.

మలుపు దగ్గర తోక పడే అవస్థ

కొత్తవాళ్లు సహజంగానే అందరికంటే వెనక చేరతారు. ఎవరికీ అడ్డం కాకూడదన్న మర్యాద ఒకటి, ముందుకు వెళ్తే గాలికి ఎదురుగా గ్రూప్‌ను లాగాల్సి వస్తుందన్న భయం ఒకటి. కానీ వరుసలో అన్నిటికంటే కష్టమైన చోటు అదే.

ఒక మలుపును దగ్గర్నుంచి చూద్దాం. గ్రూప్ 35తో వస్తోంది. మూడో స్థానంలోని రైడర్ 26కి తగ్గి, మలుపు తిరిగి, పన్నెండు సెకన్లలో మళ్లీ 35కి చేరతారు. దానికి సగటున 260 వాట్లు. ప్రతి రైడరూ ముందున్నవాళ్లకంటే కాస్త ఆలస్యంగా, కాస్త గట్టిగా బ్రేక్ వేస్తారు. ఆ ‘కాస్త’ వరుస పొడవునా పేరుకుంటూ వెళ్తుంది. పన్నెండో రైడర్ దగ్గరికి వచ్చేసరికి వేగం 20కి పడిపోతుంది. ఆయన ఇంకా మలుపులో ఉండగానే ముందున్నవాళ్లు అందుకున్నారు కాబట్టి ఎనిమిది సెకన్లలో 20 నుంచి 35కి రావాలి. దానికి 400 వాట్లు దాటుతుంది. మలుపు ఒకటే, రోడ్డు ఒకటే, సగటు వేగమూ ఒకటే. తోకలో ఉన్న మనిషి మాత్రం మొత్తం రైడ్‌లో ఎక్కువ పని చేస్తారు.

కాబట్టి నిలవడం కష్టంగా ఉన్నవాళ్లు వరుసలో మూడు, నాలుగు, ఐదు స్థానాల్లో ఉండాలి. వినడానికి వింతగా ఉన్నా లెక్క అదే చెబుతోంది. తోకలో ఉండక తప్పనప్పుడు మలుపుకు ముందే రెండు మీటర్ల ఖాళీ వదిలి, బ్రేక్ తక్కువ వేసి, వేగం చావకుండా తిరగాలి. ముందున్నవాళ్లు ఆగి అందుకునే సరికి ఆ ఖాళీ దానంతట అదే పూడిపోతుంది.

గేరు విషయంలోనూ పొరపాటు ఇక్కడే జరుగుతుంది. 35తో వచ్చిన గేరులోనే మలుపు తిరిగితే, బయటికి వచ్చాక పెడల్ బరువెక్కి నిమిషానికి యాభై చుట్లు కూడా తిరగదు. కాళ్లు పట్టేస్తాయి, చైన్ మీద బరువుండగా గేరు మారుస్తే కటకటమంటుంది, ఈలోగా పది మీటర్లు పోతాయి. బ్రేక్ పట్టుకోకముందే రెండు గేర్లు తేలిక చేసుకోవాలి. బయటికి వచ్చేటప్పుడు కేడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు) 85, 90 దగ్గర ఉంటే వేగం అందుకోవడం సులువు.

మిట్ట, మిట్ట తల

ఎక్కేటప్పుడు లెక్క మారిపోతుంది. 5 శాతం వాలు మీద గంటకు 15 కిలోమీటర్లతో ఎక్కడానికి మన 80 కిలోల జతకు 200 వాట్లు కావాలి. అందులో గాలి వాటా 14, 15 వాట్లే. చక్రం వెనక దాక్కున్నా మిగిలేది నాలుగైదు వాట్లు. బరువు మాత్రం నేరుగా మీద పడుతుంది. పది కిలోలు ఎక్కువుంటే అదే వేగానికి ఇంకో 20 వాట్లు కావాలి. అందుకే మిట్ట మీద ముందువాళ్ల చక్రాన్ని పట్టుకు వేలాడటంలో లాభం లేదు. సొంత వేగంతో ఎక్కడమే తెలివి.

దానికో పద్ధతి ఉంది. అర కిలోమీటరు మిట్ట మొదలయ్యేటప్పటికి వరుస ముందుకు చేరుకోవాలి. గ్రూప్ 15తో ఎక్కుతుంటే 14తో ఎక్కాలి. 200 వాట్ల బదులు 185 చాలు. రెండు నిమిషాల్లో గ్రూప్‌తో పోలిస్తే 33 మీటర్లు వెనక్కి వస్తారు. పన్నెండు మంది ఒకే వరుసలో ఉంటే గ్రూప్ పొడవు సుమారు 30 మీటర్లు. అంటే పైకి చేరేటప్పటికి ఇంకా తోకను అంటిపెట్టుకునే ఉంటారు. తోకలో మొదలుపెడితే అదే మనిషి అదే శ్రమతో ముప్పై మీటర్లు దూరమై ఉండేవారు. జారుతున్నప్పుడు గీత తప్పకుండా నేరుగా తొక్కాలి, పక్కవాళ్లు దాటడానికి చోటివ్వాలి.

అసలు ప్రమాదం మిట్ట తల మీద. రొప్పుతూ పైకి చేరిన మనిషి ‘హమ్మయ్య’ అని పెడల్ వదిలేస్తారు. ఆ క్షణానికి గ్రూప్ ముందు భాగం అప్పటికే పల్లంలో పడింది, వాళ్ల వేగం 15 నుంచి 30కి పెరుగుతోంది. తోకలో ఉన్నవాళ్లు ఇంకా ఎక్కుతూనే ఉంటారు. ఐదు సెకన్లు ఊపిరి తిప్పుకుంటే చాలు, ముప్పై మీటర్లు పోయినట్లే. మిట్ట ఎక్కడానికి ఉన్న సత్తువంతా తల దగ్గరే ఖర్చు చేసేయకుండా, తల దాటాక పది, పదిహేను సెకన్లు తొక్కడానికి మిగుల్చుకోవాలి. ముందు చక్రాన్ని మళ్లీ పట్టుకున్నాకే విశ్రాంతి.

వంతు ముగిశాక

ఒకే వరుసలో వంతులవారీగా లాగే గ్రూపుల్లో ఎక్కువమంది జారిపోయేది తమ పుల్ (ముందుండి లాగే వంతు) అయ్యాకే. ముందుకు రాగానే ఉత్సాహంతోనో, మొహమాటంతోనో వేగం రెండు కిలోమీటర్లు పెంచేస్తారు, రెండు నిమిషాలు లాగుతారు, పక్కకు తప్పుకునేసరికి కాళ్లలో ఏమీ ఉండదు. పక్కన వరుస దాటిపోతుంటే తేలిగ్గా తొక్కుతూ వెనక్కి వస్తారు. చివరి రైడర్ దాటిపోయాక వేగం పెంచబోతారు. అప్పటికే ఆలస్యమైంది. 32కి తగ్గిన సైకిల్ 35కి వచ్చేలోపు నాలుగైదు మీటర్ల ఖాళీ, అది కూడా గాలిలో.

చివరి నుంచి రెండో రైడర్ పక్కకు వచ్చినప్పుడే తొక్కుడు పెంచాలి. చివరి రైడర్ ముందు చక్రం తమ పక్కకు వచ్చేసరికి వేగాలు సమానం కావాలి, అప్పుడు ఆ రైడర్ చక్రం వెనక్కి జారుకోవడం ఒక్క కదలిక. చివరి రైడర్ ‘నేనే లాస్ట్’ అని ఒక మాట చెబితే పని ఇంకా తేలిక. మంచి గ్రూపుల్లో ఇది అలవాటుగా ఉంటుంది.

వంతు ఎంతసేపు లాగాలన్నదానికి నియమం లేదు. పదిహేను సెకన్లు, వేగం మార్చకుండా లాగి తప్పుకోవడం గ్రూప్‌కు రెండు నిమిషాల ఎగుడుదిగుడు పుల్ కంటే మేలు. అదీ కష్టమైన రోజున వంతు వదిలేస్తున్నానని ముందే చెప్పి, మూడో నాలుగో చోట ఖాళీ అడిగి దూరడంలో తప్పేమీ లేదు. అయితే చెప్పకుండా తోకలో వేలాడితే, వంతు ముగించుకుని వచ్చేవాళ్లు ఎక్కడ దూరాలో తెలియక తికమకపడతారు.

చక్రం వెనక నిలవడం

ఈ నేర్పు వస్తే 30 శాతం మిగులుతుంది, రాకపోతే మిగతా సలహాలన్నీ వృథా. ముందు చక్రం మీదే కళ్లు అతికించడం మొదటి తప్పు. చక్రంలో మార్పు కనిపించేసరికి స్పందించే సమయం ఉండదు. చూపు ముందు రైడర్ నడుము, భుజాల మీదుగా ఆ ముందున్న ఇద్దరి దాకా పోవాలి. చక్రం చూపు అంచున ఉంటే చాలు. కొత్తలో మీటరు దూరం సరిపోతుంది, లాభంలో పెద్ద భాగం అక్కడా దక్కుతుంది. అర మీటరుకు తగ్గడం తెలిసిన రైడర్ వెనక, మంచి రోడ్డు మీదే.

దగ్గరైపోయినప్పుడు బ్రేక్ ముట్టకూడదు. ఒక్క క్షణం పెడల్ తేలిక చేయడం, లేదా ఛాతీ పైకెత్తి గాలికి అడ్డం పెట్టడం చాలు. బ్రేక్ వేస్తే వెనకున్న ప్రతి ఒక్కరూ వేస్తారు, తర్వాత అందరూ అందుకోవాలి. ముందు చక్రాన్ని ఎదుటివాళ్ల వెనక చక్రం పక్కకు తోసుకుపోవడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. వాళ్లు అంగుళం పక్కకు జరిగినా తాకేది మన ముందు చక్రం, పడేది మనం, మన మీద పడేది వెనకవాళ్లు.

గాలి పక్క నుంచి వీస్తే ముందు రైడర్ ఇచ్చే చాటు నేరుగా వెనక ఉండదు. ఎడమ నుంచి వీచే గాలికి కుడివైపు వెనక్కి జరుగుతుంది. మామూలు రోడ్డు మీద ఏటవాలు వరుస కట్టేంత వెడల్పు ఉండదు, ఉండాలని ప్రయత్నించడమూ క్షేమం కాదు. తన వరుసలోనే ఒక జానెడు కుడికి జరిగి, చక్రాలు పక్కపక్కకు రాకుండా దూరం పెంచుకుంటే దొరికినంత దొరుకుతుంది.

నీళ్లు తాగడానికి అనువైన చోటు పల్లంలో, లేదా గ్రూప్ నిలకడగా వెళ్తూ తాము వరుస మధ్యలో ఉన్నప్పుడు. మలుపుకు ముందు, మిట్ట పాదం దగ్గర, వంతు ముగిసిన వెంటనే సీసా ముట్టకూడదు.

సైకిల్ తినేసే వాట్లు

కొన్నిసార్లు తేడా మనిషిలో ఉండదు. నిటారుగా కూర్చునే హైబ్రిడ్ సైకిల్, దానికి గరుకు టైర్లు వేసుకుని రోడ్ బైక్‌ల మధ్యకు వచ్చిన రైడర్‌కు 35 కిలోమీటర్ల దగ్గర ఒళ్లు అడ్డుపడే గాలికి సుమారు 55 వాట్లు, టైర్లకు 30 వాట్లు అదనంగా పోతాయి. చక్రం వెనక దాక్కున్నా 70 వాట్ల తేడా ఉంటుంది. నెలల తరబడి సాధన చేసినా అంత పెరగడం కష్టం. సైకిల్ మార్చే వీలు లేకపోతే నున్నటి, సన్నటి టైర్లు వేసి, మోచేతులు వంచి కూర్చుంటే సగం దాకా తిరిగొస్తుంది.

రోడ్ బైక్‌లోనూ చూసుకోవలసినవి ఉన్నాయి. గాలి రైడ్ రోజు పొద్దునే కొట్టాలి, ట్యూబులోంచి వారంలోనే కొంత పోతుంది. 70 కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైరులో 65 నుంచి 75 పీఎస్‌ఐ సరిపోతుంది. గట్టిగా కొడితే వేగం పెరుగుతుందన్నది అపోహ, గతుకుల మీద సైకిల్ ఎగిరిపడి ఉల్టా నష్టం. చక్రాన్ని ఎత్తి తిప్పి బ్రేక్ ప్యాడ్ రాసుకుంటోందేమో చెవిపెట్టి వినాలి. సీటు ఎత్తు సరిచూడటానికి మడమను పెడల్ మీద పెట్టి అట్టడుగుకు తిప్పితే కాలు నిటారుగా రావాలి, తుంటి పక్కకు ఒరగకూడదు. సీటు రెండు మూడు సెంటీమీటర్లు కిందికి ఉన్నవాళ్లకు తొడలు గంటలోనే మండిపోతాయి. దాన్ని వాళ్లు సత్తువ లోపం అనుకుంటారు.

తిండి, నీళ్లు

మొదటి గంట బాగానే ఉండి, గంటన్నర దాటాక ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడితే అనుమానించాల్సింది తిండినే. ఒంట్లో గ్లైకోజెన్ నిల్వ 400, 500 గ్రాములు. గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటల్లో అడుగంటుతుంది. రెండు గంటల రైడ్‌కు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలి. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాములకు పైగా, ఒక జెల్ (తొక్కుతూ మింగే చక్కెర గుజ్జు) ప్యాకెట్‌లో 20, 25 గ్రాములు ఉంటాయి. ఆకలేసేదాకా ఆగకుండా మొదటి అరగంటలోనే మొదలుపెట్టాలి. నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండలో ఇంకా ఎక్కువ, కాస్త ఉప్పుతో. బయల్దేరే ముందు పది పదిహేను నిమిషాలు విడిగా తొక్కి ఒళ్లు వేడెక్కించుకుంటే మొదటి మిట్టకే ఊపిరాడకపోవడం ఉండదు.

సాధన ఏది పనికొస్తుంది

వారం వారం గ్రూప్‌తో చచ్చీచెడీ తొక్కడం సాధన కాదు. అది ప్రతి వారం పరీక్ష రాయడం. వారానికి నాలుగు రోజులు తొక్కగలిగినవాళ్లకు ఒక రోజు ఎఫ్‌టీపీలో 88 నుంచి 94 శాతం దగ్గర రెండు ఇరవై నిమిషాల విడతలు, మరో రోజు చిన్న జోరు విడతలు, ఒక రోజు మాట్లాడుకుంటూ తొక్కగలిగేంత తేలిగ్గా రెండు గంటలు, ఒక రోజు గ్రూప్ రైడ్ ఉంటే బాగుంటుంది. చిన్న జోరు విడతలంటే 30 సెకన్లు గట్టిగా, 30 సెకన్లు తేలిగ్గా, అలా పది నిమిషాలు. మధ్యలో ఐదు నిమిషాలు ఆగి ఇంకో పది నిమిషాలు. మలుపుల దగ్గర, మిట్ట తలల మీద కావలసింది ఇదే: ఎఫ్‌టీపీ దాటి వెళ్లి, పూర్తిగా ఆగకుండానే కోలుకోవడం. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తేడా తెలుస్తుంది. తేలిక రోజు తేలిగ్గానే తొక్కాలి, చాలామంది చెడగొట్టుకునేది దాన్నే.

గ్రూప్ బాధ్యత

అంతా వెనకబడినవాళ్ల మీదే నెట్టడం అన్యాయం. ఎవరినీ వదలం అని ప్రకటించిన గ్రూప్‌కు మలుపు దాటాక పది సెకన్లు, మిట్ట తల దాటాక పదిహేను సెకన్లు ముందువాళ్లు తేలిగ్గా తొక్కడం పెద్ద పని కాదు. తోకలో అనుభవమున్న ఒకరు ఉండి, ఖాళీ పడగానే ముందుకు కబురు పంపాలి. ఆగి కలుపుకునే చోట, చివరి మనిషి రాగానే అందరూ కదిలిపోతుంటారు. ముందొచ్చినవాళ్లు ఐదు నిమిషాలు సేదతీరారు, ఎక్కువ అలసినవాళ్లకు ఒక్క నిమిషమూ దక్కలేదు. చివరి సైకిల్ ఆగాక రెండు నిమిషాలు లెక్కపెట్టి బయల్దేరే గ్రూప్‌లో మనుషులు మిగులుతారు.

ఆ మాట ఇవ్వని వేగపు గ్రూప్ అయితే, జారిపోతే ఎలా తిరిగి రావాలో ముందే తెలిసి ఉండాలి. దారి ఫోన్‌లో, ట్యూబు, టైరు లీవర్లు, పంపు జేబులోనో సీటు సంచిలోనో. ఇక నిలవలేమనిపించినప్పుడు పక్కకు చెయ్యి చూపి, వెనకవాళ్లకు చెప్పి వరుసలోంచి తప్పుకోవాలి. చెప్పకుండా నెమ్మదిస్తే వెనకున్న నలుగురూ మనతో పాటే తెగిపోతారు. జారిపోయినవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే అరనిమిషం చొప్పున వంతులేసుకుని తొక్కడం మేలు. వంద మీటర్లు దాటిన ఖాళీని ఒంటరిగా తరమడంలో అర్థం లేదు, మిగిలిన నిల్వ కూడా పోతుంది.

ఇంటికి వచ్చాక రైడ్ ఫైల్ తెరిచి, గ్రూప్ వదిలిన చోటుకు ముందు రెండు నిమిషాలు చూడాలి. వేగం గీత రంపపు పళ్లలా ఉంటే తోకలో ఉండి మలుపుల్లో ఖర్చయ్యారు. నిలకడగా ఉండి ఒక్కసారి పడిపోతే పుల్ ఎక్కువైందో, మిట్ట తల మీద పెడల్ వదిలారో. గంటన్నర దాటాక పవర్, గుండె వేగం రెండూ కలిసి కిందికి జారితే తిండి. వేగం మామూలుగానే ఉండి గుండె వేగం మొదటి పది నిమిషాల నుంచే గరిష్ఠానికి దగ్గర్లో ఉంటే, ఆ గ్రూప్ వేగం ఇప్పటికి ఎక్కువ. గంటకు రెండు మూడు కిలోమీటర్లు తక్కువ వేగంతో వెళ్లే గ్రూప్‌లో రెండు నెలలు తొక్కి, అక్కడ మూడో నాలుగో స్థానంలో హాయిగా వంతులు లాగగలిగినప్పుడు మళ్లీ ఇక్కడికి రావచ్చు.